పాలమూరు, నల్గొండ ఎఫ్ఎంలో అన్ని కాలాల పాటలు వేస్తే స్టేషన్ నిలబడుతుందా?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం, ప్రైవేటు ఎఫ్ఎం లేని 234 పట్టణాల్లో 730 ఛానళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో తెలంగాణకు 10 పట్టణాలు, 31 ఛానళ్లు దక్కాయి. మన దక్షిణ తెలంగాణ వైపు నుంచి మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట ఉన్నాయి. ఒక్కో ఊరికి మూడేసి ఛానళ్లు. ఎవరు పాడుకుంటారు, ఎంతకు పాడుకుంటారు అన్న చర్చ ఎలాగూ జరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ ఛానళ్లలో ఏం వినిపిస్తారు?

ఇది చిన్న ప్రశ్న కాదు. మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లో మూడు స్టేషన్లు వచ్చి, మూడూ ఈ నెల విడుదలైన సినిమా పాటలనే తిప్పి తిప్పి వేస్తే వినేవాడికి ఒరిగేదేమీ లేదు. ఆ పాటలు ఫోన్లో ఉన్నాయి, బస్సులో ఉన్నాయి, పెళ్లి బరాత్‌లో ఉన్నాయి. కొత్త పాటల కోసం రేడియో పెట్టుకోవాల్సిన అవసరం ఇప్పుడెవరికీ లేదు. అందుకే ప్రపంచంలో వేరే చోట్ల నడిచిన ఒక పద్ధతి మన దగ్గర పనికొస్తుందా అని చూడాలి. రేడియో వాళ్లు దాన్ని అడల్ట్ హిట్స్ అంటారు. ముప్పై దాటిన వాళ్లను దృష్టిలో పెట్టుకుని, మూడు నాలుగు దశాబ్దాల హిట్ పాటలను ఒకే స్టేషన్‌లో కలిపి వేయడమే ఈ పద్ధతి.

2002 మార్చిలో కెనడాలోని విన్నిపెగ్‌లో బాబ్ ఎఫ్ఎం అనే స్టేషన్ ఇలా మొదలైంది. అదే ఏడాది చివర్లో వాంకూవర్‌లో జాక్ ఎఫ్ఎం వచ్చింది. 2004లో డెన్వర్ నగరం మీదుగా అమెరికాలో అడుగుపెట్టింది. స్టేషన్‌కు మనిషి పేరు పెట్టడం, 'మాకు నచ్చింది వేస్తాం' అనే నినాదం, డెబ్భైల రాక్ పాట పక్కనే తొంభైల డాన్స్ పాట వేయడం వీటి గుర్తులు. చాలా స్టేషన్లలో ఆర్జేలు ఉండరు. ముందే రికార్డు చేసిన ఒక గొంతు పాటకూ పాటకూ మధ్య ఓ చురక వేసి వెళ్లిపోతుంది.

మామూలు హిట్ స్టేషన్‌కూ దీనికీ తేడా ఎక్కడుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. యాడ్లు, మాటలు పోను గంటకు 11 పాటలు పడతాయనుకుందాం. పొద్దున 6 నుంచి రాత్రి 11 వరకు 17 గంటలు. అంటే రోజుకు 187 పాటలు. లిస్టులో 250 పాటలే ఉంటే ప్రతి పాటా సగటున ఒకటిన్నర రోజులోపే మళ్లీ వస్తుంది. నిజానికి హిట్ స్టేషన్లు కొత్త పాటలను ఇంకా ఎక్కువగా తిప్పుతాయి కాబట్టి, పైవరసలో ఉన్న పది పాటలు రెండు మూడు గంటలకోసారి వినపడతాయి. లిస్టులో 1,100 పాటలుంటే ఒక పాట మళ్లీ రావడానికి దాదాపు ఆరు రోజులు పడుతుంది. పొద్దంతా రేడియో నడిచే దుకాణంలో కూర్చున్న మనిషికి ఈ తేడా చాలా పెద్దది.

అయితే లిస్టు పొడవు ఒక్కటే గెలిపించదు. న్యూయార్క్‌లో జరిగింది చూడండి. అక్కడ పాత పాటలకు పేరుపడ్డ డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం అనే స్టేషన్‌ను 2005 జూన్‌లో ఉన్నట్టుండి జాక్ ఎఫ్ఎంగా మార్చేశారు. ఏళ్లుగా అలవాటైన ఆర్జేల గొంతులు ఒక్క రోజులో మాయమయ్యాయి. వినేవాళ్లు మండిపడ్డారు. రెండేళ్లు తిరిగేసరికి, 2007 జూలైలో, పాత పేరూ పాత పాటలూ మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. అదే పద్ధతి లాస్ ఏంజెలెస్‌లో మాత్రం ఏళ్ల తరబడి నిలదొక్కుకుంది. ఒకే నమూనా ఒక ఊళ్లో ఆడి ఇంకో ఊళ్లో పోయిందంటే, ఆ ఊరు ఏం పోగొట్టుకుంది, ఏం అందుకుంది అన్నది చూడాలి. న్యూయార్క్ పోగొట్టుకున్నది తనకు తెలిసిన గొంతుల్ని.

మన దగ్గర ఎలా వింటారు?

ఇక్కడే మన ప్రాంతం లెక్క వేరే దారి పడుతుంది. అమెరికాలో ఈ పద్ధతి కారులో ఒంటరిగా వెళ్లే మనిషి విసుగు తీర్చడానికి పనికొచ్చింది. మన దగ్గర రేడియో ఇంకా నలుగురు కలిసి వినే చోట్లే బతికుంది. టైలర్ షాపు, కటింగ్ షాపు, ఆటో, చాయ్ హోటల్, మెకానిక్ షెడ్డు, పోచంపల్లి మగ్గాల ఇళ్లు, గద్వాల, నారాయణపేట చీరలు నేసే చోట్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులు. ఈ చోట్లన్నింట్లో చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. స్క్రీన్ చూడటానికి కుదరదు. పైగా ఒకే గదిలో అరవై ఏళ్ల పెద్దమనిషి, నలభై ఏళ్ల ఓనరు, ఇరవై ఏళ్ల పని నేర్చుకునే పిల్లవాడు ఉంటారు.

ఫోన్‌లో పాట పెడితే గదిలో ఎవరో ఒకరి ఇష్టమే నడుస్తుంది. పెద్దాయన పెట్టుకుంటే పిల్లవాడికి చిరాకు, పిల్లవాడు పెడితే పెద్దాయన "జర చిన్నగ పెట్టు బిడ్డా" అంటాడు. ఎవరూ ఎంచుకోని పాట వచ్చినప్పుడు ఆ తగవు ఉండదు. ఒక పాట తనది కాకపోయినా తర్వాతిది తనది కావచ్చని అందరూ ఓపిక పడతారు. అన్ని కాలాల పాటల పద్ధతికి మన దగ్గర ఉన్న అసలు బలం ఇదే. ఒక్క వయసు వాళ్లకే గురిపెట్టిన స్టేషన్ ఇయర్‌ఫోన్లకు సరిపోతుంది. కలిసి పని చేసే గదికి కలగలుపు పాటలే సరిపోతాయి.

ఈ అలవాటు మనకు కొత్తదేమీ కాదు. వివిధభారతి 1957 అక్టోబర్ 3న మొదలైంది. జనరంజనిలో ఊళ్లూ పేర్లూ చదివి, అడిగిన పాట వేసిన రోజుల్లో ఎవరూ దశాబ్దాల లెక్క చూడలేదు. పాత పాట వెనకే ఆ ఏడాది పాట వచ్చేది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించినప్పుడూ ఇంటిల్లిపాదీ కలిసే విన్నారు. ఇప్పుడు యాభై, అరవైలలో ఉన్న తరానికి కలగలుపు వినడం నేర్పాల్సిన పని లేదు, అది వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

లిస్టులో ఏం ఉండాలి?

కష్టమంతా ఇక్కడే ఉంది. ఇది సరిగా చేయకపోతే మిగతావన్నీ వృథా.

తెలుగు సినిమా పాటలో కనీసం నాలుగు కాలాలున్నాయి. ఘంటసాల కాలం (ఆయన 1974లో పోయారు), ఎనభైలలో ఇళయరాజా కాలం, తొంభైల క్యాసెట్ కాలం, రెండువేల తర్వాత వచ్చిన సీడీ, రింగ్‌టోన్ కాలం. హైదరాబాద్‌లో కూర్చుని లిస్టు తయారుచేసేవాళ్లు ఈ నాలుగింటినీ సమంగా పంచేసి పని అయిపోయిందనుకుంటారు. పాలమూరుకు అది చాలదు.

మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తొంభైల హిందీ సినిమా పాటలు ఇక్కడ తెలుగు ఇళ్లలోనూ నోటికి వస్తాయి. ముంబై, పుణె మట్టి పనులకు వలస వెళ్లి వచ్చిన పాలమూరు లేబర్‌తో పాటే ఆ పాటలూ ఊళ్లకు వచ్చాయి. అందుకే గంటకు రెండు మూడు హిందీ పాటలు లేని లిస్టు ఇక్కడ కలగలుపు అనిపించుకోదు. నల్గొండలో ఆ వాటా కొంత తగ్గుతుంది. కోదాడ, హుజూర్‌నగర్ వైపు వెళ్లేకొద్దీ కృష్ణా, గుంటూరు జిల్లాల సినిమా రుచి కనపడుతుంది. గద్వాల, అలంపూర్ వైపు కర్నూలు, రాయచూర్ల నీడ ఉంటుంది. నారాయణపేటలో కన్నడం, మరాఠీ వినపడతాయి. దక్షిణ తెలంగాణ అని ఒక్క మాటలో అంటాం కానీ, పాటల దగ్గరికొచ్చేసరికి మహబూబ్‌నగర్ లిస్టు సూర్యాపేటలో యథాతథంగా నడవదు.

తర్వాతది జానపదం. ఇప్పుడు యూట్యూబ్‌లో వస్తున్న ఫోక్ సాంగ్స్ మన జిల్లాల్లో సినిమా పాటతో సమానంగా ఆడుతున్నాయి. పెళ్లిళ్లలో, బోనాల్లో, జాతరల్లో వాటిదే జోరు. విదేశీ నమూనాలో హిట్ అంటే చార్టుల్లో ఎక్కిన పాట. ఇక్కడ సినిమాలో లేని పాట, రేడియోలో ఎన్నడూ రాని పాట కూడా హిట్టే. బతుకమ్మ పాటలు ఏడాదికి తొమ్మిది రోజులే అయినా ఆ తొమ్మిది రోజులూ వాటిని మించిన హిట్టు లేదు. కురుమూర్తి, మన్యంకొండ, చెరువుగట్టు, పెద్దగట్టు జాతరల రోజుల్లో లిస్టు దానంతటదే మారాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా. ఆ కిన్నెర మోత పొరుగు జిల్లా స్టేషన్‌లో వారానికొక్కసారైనా వినపడకపోతే అది మన స్టేషన్ ఎలా అవుతుంది?

తెలంగాణ ఉద్యమ కాలపు పాటల సంగతి కాస్త చిక్కు. జనానికి అవి ఎంత దగ్గరైనా, ప్రైవేటు ఎఫ్ఎంలు ఆకాశవాణి ప్రోగ్రాం కోడ్ పాటించాలి. పార్టీల పేర్లు, నాయకుల మీద విసుర్లు ఉన్న పాటలు వేయడం కుదరదు. ఊరి గురించి, చెరువు గురించి, వలస గురించి పాడిన పాటలకు ఆ ఇబ్బంది లేదు. వాటిని ఏరుకోవాలి.

ఏరడం ఎలా? పాటలోని పది సెకన్ల ముక్కలు వరుసగా వినిపించి, వినేవాళ్ల చేత 'ఇష్టం, ఫర్వాలేదు, విసుగు' అని మార్కులు వేయించడం రేడియో పరిశ్రమలో పాత పద్ధతి. దాన్ని ఏసీ హాల్లో కాకుండా జడ్చర్ల బస్టాండు పక్క టైలర్ షాపుల్లో, నార్కట్‌పల్లి హోటళ్లలో, పోచంపల్లి మగ్గాల దగ్గర చేస్తే నిజం బయటపడుతుంది. అక్కడ అడగాల్సింది 'మీకు నచ్చిందా' అని కాదు. 'ఈ పాట వస్తే గదిలో ఎవరైనా మార్చమంటారా' అని. కలిసి వినే చోట ఆ రెండో ప్రశ్నకే విలువ ఎక్కువ.

గొంతు లేని స్టేషన్ మన దగ్గర నడవదు

విదేశాల్లో యజమానులకు ఈ పద్ధతి నచ్చడానికి ఒక కారణం ఖర్చు తగ్గడం. ఆర్జేలు లేకుండా కంప్యూటరే నడిపిస్తుంది. మన చిన్న పట్టణాలకూ అదే సరిపోతుందని ఎవరైనా లెక్క వేయొచ్చు. నా మటుకు నాకు అది తప్పు లెక్క అనిపిస్తుంది. దానికి రెండు కారణాలు.

మొదటిది, మాట లేని పాటల వరసలో ఫోన్‌ను మించలేం. ఫోన్ ఇవ్వలేనిది మన ఊరి గొంతు. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చంతే. గంటకు 10 నిమిషాలు వార్తలకు అనుమతించాలని 2023 సెప్టెంబర్‌లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. అయినా ఇప్పుడున్న నిబంధనల్లోనే వార్తల కిందికి రానివి చాలా ఉన్నాయి. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగ సమాచారం, కరెంటు, నీళ్ల సరఫరా ప్రకటనలు, పండుగలు, ప్రకృతి వైపరీత్యాల హెచ్చరికలు, అన్నీ చెప్పొచ్చు. జూరాల గేట్లు ఎత్తారని అధికారులు చెప్పిన సంగతి, పాలిటెక్నిక్ అడ్మిషన్ల ఆఖరి తేదీ, రేపు ఏ ఫీడర్ మీద కరెంటు పోతుందన్నది పాలమూరు యాసలో చెప్పే గొంతు ఉంటే ఆ స్టేషన్‌ను జనం వదలరు. పాట కోసం వచ్చినవాళ్లు ఆ గొంతు కోసం ఆగుతారు.

రెండోది పాటల హక్కుల ఖర్చు. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఎఫ్ఎం స్టేషన్ తన నికర యాడ్ ఆదాయంలో 2 శాతం రికార్డింగుల హక్కుదారులకు కట్టేది. ఆ గడువు 2020 సెప్టెంబర్‌తో ముగిసింది. 2020 డిసెంబర్ 31న వచ్చిన ఉత్తర్వు పద్ధతినే మార్చింది. ఆదాయంతో పని లేకుండా, నిజంగా ఎన్ని గంటల పాట వేశారన్న దాని మీద లెక్క కట్టింది. పైగా రికార్డింగుకు వేరుగా, సాహిత్యం, సంగీతాలకు వేరుగా. ఈ దారిలో లెక్క వేస్తే పాట నడిచిన ప్రతి నిమిషానికీ ఖర్చుంటుంది, మాటకు ఉండదు. యాడ్లు వచ్చినా రాకపోయినా కట్టాలి. ఆర్జే లేకుండా పాట మీద పాట వేసే స్టేషన్ జీతాల్లో మిగుల్చుకున్నది హక్కుల్లో పోగొట్టుకుంటుంది. స్థానికంగా మాట్లాడే మంచి గొంతు నిజానికి ఖర్చు తగ్గించే పనే.

హక్కుల విషయంలో కలగలుపు లిస్టుకు ఇంకో చిక్కు కూడా ఉంది. పాత పాటలు చాలావరకు సరిగమ కంపెనీ చేతిలో, తొంభైల తర్వాతివి ఎక్కువగా ఆదిత్య మ్యూజిక్ చేతిలో ఉన్నాయి. హిందీ పాటలకు వేరే కంపెనీలు. జానపదాలకు అసలు హక్కుదారుడెవరో తేలదు. ఒక యూట్యూబ్ ఛానల్‌ది ఒక మాట, పాడినవాళ్లది ఇంకో మాట. రికార్డింగు మీద హక్కు మన చట్టంలో 60 ఏళ్లు. కాబట్టి అరవైల మొదట్లో వచ్చిన రికార్డులకు ఆ హక్కు తీరిపోయింది. కానీ కవి, సంగీత దర్శకుల హక్కు వాళ్లు పోయాక 60 ఏళ్లదాకా ఉంటుంది. పాతది కదా ఉచితం అనుకుని లిస్టు పెంచుకోవడానికి లేదు.

డబ్బు ఎక్కడి నుంచి?

నాకు అన్నింటికన్నా టెన్షన్ కలిగించేది ఈ భాగమే. 730 ఛానళ్లకు కలిపి కనీస ధర ₹784.87 కోట్లు. సగటున ఛానల్‌కు కోటి పైమాటే. ఊరిని బట్టి ఇది మారుతుంది, కానీ సున్నా అయితే కాదు. ఆపైన ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం ఫీజు. తర్వాత టవర్ అద్దె, కరెంటు, జీతాలు, పాటల హక్కులు.

ఆదాయం వైపు ఒక ఊహ చేసి చూద్దాం. 10 సెకన్ల యాడ్‌కు ₹100 అనుకుందాం. గంటకు 10 నిమిషాల యాడ్లంటే 60 స్పాట్లు, ₹6,000. రోజుకు 15 గంటలు నిండుగా అమ్ముడుపోతే ₹90,000. చిన్న ఊళ్లో నిండుగా అమ్ముడుపోవడం కల్ల. మూడో వంతు అమ్మితే రోజుకు ₹30,000, నెలకు ₹9 లక్షలు. మూడు స్టేషన్లూ ఇదే బట్టల షాపు, ఇదే జువెలరీ, ఇదే ప్రైవేటు కాలేజీ, ఇదే ఫంక్షన్ హాల్ ఓనరు గుమ్మం ముందు నిలబడితే రేటు ₹100 కూడా నిలవదు. రేడియో ఎంతమంది వింటున్నారో కొలిచే ఏర్పాటు కూడా కొన్ని మహానగరాలు దాటి రాలేదు. మహబూబ్‌నగర్‌లో స్టేషన్ ఎంత బాగా ఆడినా ముంబై యాడ్ ఏజెన్సీకి చూపడానికి కాగితం ఉండదు.

ఇలాంటి చోట కలగలుపు పద్ధతి కాస్త ఊపిరి పోస్తుంది. యువత స్టేషన్ కాలేజీలకు, మొబైల్ షాపులకు యాడ్లు అమ్ముకోగలదు. కానీ ఇంటి ఖర్చు చూసేది నలభై దాటినవాళ్లు. విత్తనాలు, ఎరువులు, ట్రాక్టర్, బంగారం, పిల్లల ఫీజులు, ఇంటికి సిమెంటు, అన్నీ వాళ్ల చేతి మీదుగానే పోతాయి. నల్గొండ బత్తాయి రైతుకు డ్రిప్ పైపులు అమ్మే వ్యాపారి ఆ రైతు వినే స్టేషన్‌నే వెతుక్కుంటాడు. దుకాణంలో పొద్దంతా మోగే స్టేషన్ అయితే, యాడ్ ఇచ్చే ఓనరే దాన్ని రోజూ వింటాడు. కొలత కాగితం లేని ఊళ్లో సేల్స్ మనిషికి దొరికే ఆధారం అంతే. అది చిన్నదేమీ కాదు.

నిబంధనల్లో ఒక దారి చూస్తే నాకు భయం. ఒక కంపెనీ తన స్టేషన్లన్నింటినీ కలిపి ఒకే కార్యక్రమం నడుపుకోవచ్చు. హైదరాబాద్ స్టూడియోలో తయారైనదాన్ని నల్గొండలో పైపు వేసినట్టు వదలడం చాలా చవక. అలా చేస్తే పైన చెప్పిన బలాలన్నీ పోతాయి. పాటలు ఎన్ని కాలాలవైనా, బంజారాహిల్స్ ట్రాఫిక్ సంగతి చెప్పే స్టేషన్‌ను దేవరకొండలో ఎవరు పెట్టుకుంటారు? రాత్రిపూట కలిపి నడుపుకుంటే అర్థం ఉంది. పొద్దున 6 నుంచి 10 వరకు, సాయంత్రం 5 నుంచి 9 వరకు మాత్రం ఊరి గొంతే ఉండాలి.

రిసీవర్ల సంగతి కూడా చూడాలి. బటన్ ఫోన్లలో ఎఫ్ఎం ఉంది, ఇయర్‌ఫోన్ తీగే ఏంటెనా. కొత్త స్మార్ట్‌ఫోన్లలో ఆ తీగ పెట్టే రంధ్రమే పోతోంది. 2023లో కేంద్రం ఫోన్లలో ఎఫ్ఎంను తప్పకుండా ఉంచాలని కంపెనీలకు సూచించింది. కార్లలో, ఆటోల్లో, దుకాణాల్లోని మ్యూజిక్ సిస్టమ్‌లలో ఎఫ్ఎం ఉంది కాబట్టి కలిసి వినేవాళ్లకు ఇబ్బంది తక్కువ. జడ్చర్ల మీదుగా 44వ జాతీయ రహదారి, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా 65వ రహదారి పోతున్నాయి. ఊరి దగ్గర ట్రాన్స్‌మిటర్ ఉంటే దారిన పోయే కార్లూ కాసేపు వింటాయి. కానీ ఆ కాసేపటి శ్రోతల్ని నమ్ముకుని లిస్టు కట్టకూడదు.

మొత్తం మీద నా అంచనా ఇది. మూడు ఛానళ్లు వచ్చిన ఊళ్లో ఒకటి ఈ పద్ధతిలో నిలదొక్కుకోగలదు, రెండోదానికి చోటు లేదు. మహబూబ్‌నగర్‌లో అవకాశం ఎక్కువ. భాషల కలగలుపు ఆ ఊళ్లో ముందే ఉంది. నల్గొండలో సూర్యాపేటతో కలిపి ఒకే యాజమాన్యం నడిపితేనే ఖర్చు గిట్టుబాటవుతుంది, అదీ రెండు ఊళ్లకూ వేర్వేరు ఉదయం కార్యక్రమాలతో. వేలం పాడేముందు లిస్టు పరీక్షకు నాలుగు నెలలు, కొద్దిపాటి డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధంగా లేని కంపెనీ ఈ పద్ధతి జోలికి రాకపోవడమే మంచిది. ఆ పనికి మనుషులు కూడా ఇక్కడే దొరుకుతారు. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థులు పక్క ఊళ్ల నుంచి రోజూ బస్సుల్లో వచ్చేవాళ్లే. ఏ మండలంలో ఏ పాట వింటారో వాళ్ల ఇళ్లలో అడిగితే తెలుస్తుంది.